720720 మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. 9తో భాగించబడుతుంది, 11తో భాగించబడుతుంది, 240 కారణాంకాలున్నాయి అంటూ ధర్మాలన్నీ వరసగా పేర్చేశావు. ఇవన్నీ ఒకే చోట పుట్టినవని చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ముందు సంఖ్యని విప్పు. 7,20,720 అని కామాలు పెడితే 720 పక్కనే మళ్లీ 720 ఉందన్న సంగతి కంటికి ఆనదు. కామాలు తీసెయ్. మూడంకెల సంఖ్యని పక్కపక్కన రెండుసార్లు రాస్తే వచ్చేది దానికి 1001 రెట్లు. 1001 అంటే 7 × 11 × 13. 720 అంటే 2⁴ × 3² × 5. ప్రధాన కారణాంకాలన్నీ అప్పుడే చేతికొచ్చాయి: 2⁴ × 3² × 5 × 7 × 11 × 13.

ఇక్కడ నిదానించు. ఒక కారణాంకం తయారవ్వాలంటే 2ని ఎన్నిసార్లు తీసుకోవచ్చు? సున్నా నుంచి నాలుగుసార్ల దాకా, అంటే ఐదు దారులు. 3కి మూడు. మిగతా నాలుగింటికీ రెండేసి. 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. అసలు తీసుకోకపోవడం కూడా ఒక దారేనని మర్చిపోయి ఘాతాంకాలనే గుణిస్తే 8 వస్తుంది. చాలామంది జారేది ఇక్కడే, కాబట్టి ఆ మెట్టు రాసి చూపించు.

ఈ 240 కారణాంకాలూ 120 జతలు. వాటిలో బాగా దగ్గరగా ఉన్న జత 840 × 858. ఎంత ముచ్చటైన జత! దాన్ని వదిలెయ్యకు.

నీ వ్యాసంలో ఒక తప్పుంది. 1 నుంచి 15 దాకా అన్నిటితో భాగించబడే అతి చిన్న సంఖ్య ఇదేనన్నావు. అది 360360. అందులో 2³ మాత్రమే ఉంది. 16 కూడా భాగించాలంటే ఇంకో 2 కావాలి, అప్పుడది 720720 అవుతుంది. 17 దగ్గర ఆగిపోతుంది, శేషం 5.

తనకంటే చిన్నవాటన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద రామానుజన్ 1915లో పెద్ద పరిశోధన పత్రం ప్రచురించాడు. 720720 ఆ కోవలోదే. అంతటివాడి పట్టికలోనూ 293318625600 తప్పిపోయింది. అందుకని పట్టిక చూసి రాసినా ఘాతాంకాలతో ఒకసారి సరిచూసుకో.

చివర్లో ఒక పేరా చేర్చు. 720722 నుంచి 720736 దాకా వరసగా పదిహేను సంఖ్యల్లో ఒక్క ప్రధాన సంఖ్యా లేదు. విడివిడిగా పరీక్షించే పనే లేదు: 720720కి 2 కలిపితే 2 భాగిస్తుంది, 3 కలిపితే 3, అలా 16 దాకా. 720721 గురించి మాత్రం ఈ పద్ధతి ఏమీ చెప్పదు. దాని వర్గమూలం 849కి కాస్త తక్కువ. 17 నుంచి మొదలుపెట్టి 848 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడు, అది తేలేదాకా ప్రధాన సంఖ్య అని రాయకు.

నీ శ్రేయోభిలాషి