వాంతుల మందు గుండెకు చెరుపా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు పదకొండేళ్లు. మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్. సిస్‌ప్లాటిన్, డాక్సోరుబిసిన్ అనే కీమో మందులు ఎక్కిస్తున్నారు. వాంతులు రాకుండా ముందు ఒండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఈసారి ఈసీజీ తీశాకే ఇచ్చారు. ఆ మందు గుండె ఆపేస్తుందట, వద్దని చెప్పమంటున్నాడు మా మరిది. ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీ మరిది చదివింది అబద్ధం కాదు, సగం చదివాడంతే. మందు మాత్రం మాన్పించకండి. సిస్‌ప్లాటిన్ వాంతులు మామూలు వాంతులు కావు. అదీగాక, వాంతులైతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, గుండెకు అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి కాస్త తేరుకోవాలి. ఈసీజీలో ఆ వ్యవధిని క్యూటీ అంటాం. ఒండాన్‌సెట్రాన్ దాన్ని కొంచెం సాగదీస్తుంది, మరీ సాగితే గుండె లయ తప్పొచ్చు. కాగితం మీద ఒక చిన్న గడి అంటే 40 మిల్లీసెకన్లు. పిల్లల గుండె వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి ఆ వేగానికి సరిచేసి లెక్కేస్తాం. లెక్క 500 మిల్లీసెకన్లు దాటితే నేను వెంటనే మందులన్నీ మళ్లీ చూసుకుంటాను. చాలామంది పిల్లల్లో అంతదాకా రాదు. 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా పెద్దవాళ్లకు ఒకేసారి నరానికి ఇచ్చే 32 మిల్లీగ్రాముల డోసు గురించి. పిల్లలకు బరువులో కిలోకు 0.15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తాం. మీ బాబు 30 కిలోలుంటే నాలుగున్నర మిల్లీగ్రాములు.

ఇక సిస్‌ప్లాటిన్ సంగతి. అది మూత్రంలో మెగ్నీషియాన్ని పోగొడుతుంది, అది తగ్గినా గుండె లయకు ఇబ్బందే. అందుకే ప్రతి సైకిల్‌కూ, అంటే ప్రతి కీమో విడతకూ, మెగ్నీషియం, పొటాషియం పరీక్ష చేసి తక్కువైతే సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. రిపోర్టు వచ్చిందా అని మీరూ అడగండి, ఏమీ అనుకోరు. ఎకో, అంటే గుండె స్కానింగ్, ఈసీజీ కంటే వేరే, అది డాక్సోరుబిసిన్ వల్ల గుండె కండరం బలహీనపడిందేమో చూడటానికి. ఈ రెండింటినీ కలిపేసుకుని కంగారుపడే తల్లులు నాకు వారానికొకరు కనిపిస్తారు.

మీ ఇంట్లోగానీ మీవారి వైపుగానీ చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు, పరిగెడుతూ స్పృహ తప్పినవాళ్లు ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పుట్టుకతోనే క్యూటీ ఎక్కువున్న పిల్లలకు ఈ మందు ఇవ్వం, వేరేది చూస్తాం. జ్వరమొచ్చిందని మెడికల్ షాపులో అజిత్రోమైసిన్, కడుపులో తిప్పుతోందని డోంపెరిడోన్ మీరే కొని వేయకండి, అవి కూడా క్యూటీని పెంచేవే. అసలు కీమోలో ఉన్న పిల్లాడికి జ్వరమొస్తే ఇంట్లో ఉంచకూడదు, ఆస్పత్రికే తీసుకెళ్లాలి. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడుతోందన్నా అంతే.

ఈసీజీ కాగితం జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టండి. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, వచ్చేసారి పోల్చి చూడటానికి పాతది కావాలి.