కేటరింగ్‌కు లోన్: ముద్ర ముందా, పీఎంఈజీపీ ముందా?

ప్రశ్న: మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఉద్యోగం వద్దు, కేటరింగ్ పెడతానంటోంది. ప్రభుత్వం తాకట్టు లేకుండా 10 లక్షలు ఇస్తుందని, అందులో సగం కట్టక్కర్లేదని ఎవరో చెప్పారట. నిజమేనా? మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, ఉప్పల్

జవాబు: తాకట్టు లేకుండా ఇస్తారన్నది నిజం, అమ్మా. సగం కట్టక్కర్లేదన్నది అబద్ధం. ఎవరో ముద్ర, పీఎంఈజీపీ అనే రెండు కేంద్ర పథకాలను కలిపేసి చెప్పారు. రెండిట్లోనూ అప్పిచ్చేది బ్యాంకే.

2015లో మొదలైన ముద్ర చిన్న వ్యాపారాలకు లోన్ పథకం. అందులో శిశు అనే విభాగం కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా ఇస్తారు. సబ్సిడీ రూపాయి కూడా ఉండదు. సబ్సిడీ ఉన్నది పీఎంఈజీపీలో, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో. కేటరింగ్ లాంటి సేవల యూనిట్‌కు ప్రాజెక్టు ఖర్చు 20 లక్షల దాకా ఉండొచ్చు. నగరంలో పెట్టే మహిళకు సబ్సిడీ 25 శాతం, సొంత వాటా 5 శాతం. అంటే 6 లక్షల యూనిట్‌కు మీరు 30 వేలు పెడితే, లక్షన్నర సబ్సిడీ వస్తుంది. అదీ చేతికివ్వరు. మూడేళ్లు బ్యాంకులోనే ఉంచి, యూనిట్ నడుస్తోందని చూసుకున్నాక అప్పులో సర్దుతారు. పల్లెలో అయితే 35 శాతం కదా అని సొంతూరి అడ్రస్ రాయించకండి. యూనిట్‌ను వచ్చి చూస్తారు.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: పీఎంఈజీపీలో ఈ 25 శాతం కొత్త యూనిట్లకు మాత్రమే. తొందరపడి ముందు ముద్ర లోన్‌తో వంటలు మొదలుపెడితే, అది నడుస్తున్న వ్యాపారం కింద లెక్క. ఆ 25 శాతం చేజారినట్టే.

నన్నడిగితే ఈ ఏడాది ఏ లోనూ వద్దు. అమ్మాయిని ఒక పెళ్లిళ్ల సీజనంతా ఏదైనా మంచి కేటరర్ దగ్గర పనికి పంపండి. జీతం తక్కువైనా ఫర్వాలేదు. ఐదొందల మందికి ఇండెంట్ (సరుకుల జాబితా) రాయడం, వంటమాస్టర్‌తో, సర్వింగ్ కుర్రాళ్లతో నెగ్గుకురావడం, అడ్వాన్స్ ఎంత పట్టాలో తెలియడం కాలేజీలో అబ్బేవి కావు. ఇంకో సంగతీ అర్థమవుతుంది. ముహూర్తాలు ఉన్నప్పుడు పని ఊపిరాడనివ్వదు, ఆషాఢంలో, మూఢంలో ఫోన్ మోగదు. ఈఎంఐకి మాత్రం మూఢం ఉండదు. అందుకే ఆఫీసు లంచ్‌లో, హాస్టల్ భోజనాలో నెలవారీ ఆర్డర్ ఒకటి ఖాయం చేసుకోగలనన్న ధీమా వచ్చాకే అప్పు గురించి ఆలోచించాలి.

అప్పుడైనా పెద్ద మొత్తం అడగొద్దు. గుండిగలు, గంగాళాలు, బర్నర్లు టెంట్ హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి. రోజూ వాడే గ్రైండర్, ఫ్రిజ్, వంటగదికి కావలసినవి కొనుక్కుంటే చాలు. బేగంబజార్‌లో రెండు మూడు దుకాణాల కొటేషన్లు తెచ్చి, వాటితోనే ప్రాజెక్టు రిపోర్టు సొంతంగా రాయమనండి. బ్యాంకు మేనేజర్ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది తనే కదా. మొదటి కొన్ని నెలలు వాయిదా లేకుండా మారటోరియం అడగడం మరిచిపోవద్దు. ఆ తర్వాత మూడు నుంచి ఏడేళ్లలో తీర్చొచ్చు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఉచితం. కమీషన్ ఇస్తే శాంక్షన్ చేయిస్తానన్న ఏజెంటుకు పైసా ఇవ్వకండి. దరఖాస్తుకు ముందు అమ్మాయినే జిల్లా పరిశ్రమల కేంద్రానికి పంపి, ఆ ఏడాది నిబంధనలు కనుక్కోమనండి.