ఈసీఎం పోయిందన్నారు: కొత్తది కొనే ముందు చూడవలసినవి

సింగరాయకొండ నుంచి ప్రశ్న అడిగిన మిత్రునికి నమస్కారం. మీ 2004 నాటి పెట్రోలు కారు వానల తరువాత కొన్నాళ్లు ఆగి ఆగి నడిచి, ఇప్పుడు సెల్ఫ్ తిరుగుతున్నా స్టార్టు కావడం లేదని, ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు, అంటే ఈసీఎం, పోయిందని తేల్చిన మెకానిక్ కొత్తదానికి 22 వేలు అవుతుందన్నారని, పాతదాన్నే బాగు చేయించే వీలుందా అని రాశారు. వీలుంది. అయితే అది నిజంగా పోయిందా, పోయి ఉంటే దాన్ని పోగొట్టింది ఏది అన్న రెండు విషయాలు తేలేదాకా కొత్తది కొనవద్దు, పాతది విప్పవద్దు. రెండో విషయాన్ని పట్టించుకోక నేను ఒకటికి రెండు ఈసీఎంలు పాడుచేసుకున్నాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను కారు మెకానిక్‌ను కాను. అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల మోటార్లకు స్టార్టర్ ప్యానెళ్లు బిగించడం, బాగు చేయడం నా వృత్తి. ఉప్పుగాలి రాగి తీగను ఏం చేస్తుందో రోజూ కళ్లారా చూస్తాను. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి, కోవూరు దగ్గర జాతీయ రహదారి కోతకు గురైన రోజుల్లో నా 2003 నాటి కారు కోవూరులో మా అక్క ఇంటి ముందు చిక్కుకుపోయింది. సీటు అడుగుదాకా నీరు వచ్చింది. వరద తీశాక కార్పెట్లు ఎండబెట్టి, ఆయిళ్లన్నీ మార్పిస్తే బండి స్టార్టయింది. గండం గడిచిందనుకున్నాను. ఫిబ్రవరిలో ఇంజిన్ వణకడం మొదలైంది; ప్లగ్గులు తీసి చూస్తే ఒకటో, నాలుగో సిలిండర్లకు స్పార్కు లేదు. ఈసీఎం పోయిందని మెకానిక్ చెప్పగానే చెన్నై పుదుపేటకు వెళ్లి, పాత బండి నుంచి తీసినది, అదే నంబరుది, 4,500 రూపాయలకు తెచ్చి బిగించాము. మూడు రోజులు చక్కగా నడిచింది. నాలుగో రోజు కావలి నుంచి తిరిగి వస్తుండగా అదే వణుకు, అవే రెండు సిలిండర్లు.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే సంగతి అర్థమైంది. ఆ ఇంజిన్‌లో రెండు ఇగ్నిషన్ కాయిళ్లు ఉంటాయి. ఒకటి ఒకటో, నాలుగో సిలిండర్లకు, రెండోది మిగతా రెంటికి స్పార్కు ఇస్తుంది. జంటగా రెండు సిలిండర్లు ఆగిపోయాయంటే లోపం ఆ కాయిల్లోనో, దానికి కరెంటు తెరిచి మూసే ఈసీఎం లోపలి ట్రాన్సిస్టర్‌లోనో, ఆ రెంటినీ కలిపే తీగలోనో ఉండాలి. మల్టీమీటరుతో కాయిళ్ల ప్రైమరీ చుట్లు, అంటే బ్యాటరీ కరెంటు పారే చుట్లు, కొలిచాను. మామూలు మీటరు ఒక ఓమ్ కంటే తక్కువ విలువను నమ్మకంగా చూపదు కాబట్టి, ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి, వచ్చిన అంకెను తీసివేసి, రెండు కాయిళ్లనూ పోల్చి చూడాలి. బాగున్నదానికి 0.8 ఓమ్ వచ్చింది, రెండోదానికి 0.2 వచ్చింది. లోపలి చుట్లు కలిసిపోయిన ఆ కాయిల్ వేడెక్కినప్పుడల్లా మోతాదుకు మించిన కరెంటు లాగి, మొదటి ఈసీఎంలోని ట్రాన్సిస్టర్‌ను కాల్చింది, పుదుపేట నుంచి తెచ్చినదాన్నీ కాల్చింది. ఒక్క కాయిల్‌ను ముందే కొలిచి ఉంటే రెండోది దక్కేది.

మీ బండి లక్షణం వేరు కనుక మీరు మొదలుపెట్టవలసిన చోటు కూడా వేరు. తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఆగి చూడండి. చెక్ ఇంజిన్ లైటు వెలగాలి, వెనుక సీటు వైపు నుంచి పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు మోగి ఆగాలి. ఈ రెండూ జరిగితే ఈసీఎం చాలావరకు బతికే ఉందని, క్రాంక్ సెన్సార్ నుంచి ఇంజిన్ తిరుగుతున్న సంకేతం అందక స్పార్కు ఇవ్వడం లేదేమోనని ముందు అనుమానించాలి. రెండూ జరగకపోతే బోర్డును నిందించే ముందు దానికి కరెంటు అందుతోందా, ఎర్తు అందుతోందా అని చూడాలి. ఫ్యూజులు, ఈసీఎంకు కరెంటు ఇచ్చే మెయిన్ రిలే చూశాక, ఈసీఎంకు తీగలు కలిసే కప్లర్‌ను ఊడదీయకుండానే వెనుక నుంచి సన్నని సూది దూర్చి కొలవండి. సప్లై తీగల్లో బ్యాటరీ వోల్టేజీ, అంటే 12 వోల్టులకు పైన ఉండాలి.

ఎర్తును మాత్రం ఓమ్ కొలతతో చూసి సంతృప్తి పడవద్దు. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటరు అది బాగున్నట్లే చూపుతుంది. మీటరు నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర ప్రోబు ఈసీఎం ఎర్తు తీగ మీద పెట్టి, ఒకరిచేత సెల్ఫ్ కొట్టించండి. 0.1 వోల్టుకు అటూ ఇటూ వస్తే మంచిదే. నా బండిలో 1.3 వచ్చింది. ఇంజిన్‌కు ఎర్తు బిగించిన బోల్టు కింద పచ్చ చిలుము పేరుకుంది; గీకి, వాషరు మార్చి బిగిస్తే 0.05కు దిగింది. పాకల సముద్రం మీకు అంత దగ్గర కనుక మీరు ఇది తప్పక చూడాలి.

ఇక సెన్సార్లకు ఈసీఎం పంపే 5 వోల్టుల సప్లై ఉంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ కప్లర్ దగ్గర అది రాకపోతే బోర్డు చచ్చిపోయిందనే అనిపిస్తుంది. కానీ ఆ సప్లైని పంచుకునే సెన్సార్లలో ఏ ఒక్కటి లోపల షార్టయినా అన్నిటికీ ఆ వోల్టేజీ పడిపోతుంది. సెన్సార్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూస్తూ ఉండండి. ఏదో ఒకటి పీకగానే 5 వోల్టులు తిరిగి వస్తే దోషి ఆ సెన్సారే. అన్నీ పీకినా రాకపోతే అటు వెళ్లే తీగలు ఎక్కడైనా బాడీకి ఆనుతున్నాయేమో చూడాలి. సప్లై, ఎర్తు, తీగలు అన్నీ సరిగా ఉండి ఈ 5 వోల్టులు మాత్రం రానప్పుడే బోర్డు విప్పే మాట ఎత్తాలి.

విప్పడానికి ముందు బ్యాటరీ నెగటివ్ తీసివేయాలి. నా మొదటి ఈసీఎం పెట్టె తెరిచినప్పుడు కప్లర్ పిన్నుల మొదట్లో చిలుము, రెండు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల అడుగున కారిన జిగురు, పైన చెప్పిన ట్రాన్సిస్టర్ చుట్టూ నల్లటి మసి కనిపించాయి. కెపాసిటర్ల నుంచి కారే ద్రవం వరదతో నిమిత్తం లేకుండా పాత బోర్డుల్లో వయసు వల్లనే వస్తుంది, అది కింది రాగి గీతలను మెల్లగా తినేస్తుంది. ఒంగోలులో ఇన్వర్టర్ బోర్డులు బాగుచేసే మిత్రుడి దగ్గరకు తీసుకువెళ్లాను. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, మెత్తని బ్రష్షుతో బోర్డు కడిగి, 105 డిగ్రీల రకం కెపాసిటర్లు వేసి, తెగిన రెండు గీతలకు సన్నని తీగతో టంకం పెట్టి, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించిన అదే నంబరు ట్రాన్సిస్టర్ మార్చారు. చివర తేమ తగలకుండా లక్క పూత వేశారు. మొత్తం 1,800 రూపాయలు అయింది, కాయిల్ ఖర్చు వేరు. ఆ బోర్డే ఇప్పటికీ నా బండిలో ఉంది.

వరద నీటిలో ఉన్న కప్లర్ అయితే తీగ చివర అర అంగుళం తొడుగు ఒలిచి చూడండి. రాగి నల్లబడి ఉంటే నీరు పోగుల మధ్య పాకిందని అర్థం. మెరిసే రాగి వచ్చేదాకా కోసి, కొత్త తీగ అతకాలి. బోర్డు బాగుచేసి తీగను వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే కథ.

మీ తాళంలో చిప్పు ఉంటే, అంటే ఇమ్మొబిలైజర్ ఉంటే, వేరే బండి ఈసీఎం తెచ్చి పెట్టినా స్టార్టు కాదు. పాత బోర్డులోని చిన్న మెమరీ చిప్పులో ఉన్న తాళం వివరాలు కొత్తదానిలోకి ఎక్కించాలి. అందుకే పాతది పారేయవద్దు, మెకానిక్ దగ్గరా వదలవద్దు. ఇంకొక మాట: ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో చూడటానికి నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు కొన్ని షెడ్డుల్లో ఇంకా ఉంది. ఆ క్షణంలో లేచే వోల్టేజీ మంచి ఈసీఎంను కూడా చంపగలదు. మీ బండి మీద ఎవరు అలా చేయబోయినా ఆపండి. వెల్డింగ్ పని పెట్టుకున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌తో పాటు ఈసీఎం కప్లర్ కూడా తీయించండి.

తాళం తిప్పినప్పుడు చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా, సెల్ఫ్ కొడుతుండగా ఎర్తు దగ్గర ఎంత వచ్చింది, మ్యాప్ సెన్సార్ దగ్గర 5 వోల్టులు ఉన్నాయా అన్న మూడూ చూసి ఇక్కడే రాయండి. పెట్టె తెరిచి ఉంటే బోర్డు రెండు వైపులా పగటి వెలుతురులో ఫోటోలు పెట్టండి. బోర్డును ఒంగోలు తీసుకువెళ్లాలా, అసలు బోర్డు జోలికే పోనక్కరలేదా అన్నది వాటిని చూసి చెబుతాను.