ఖల్లివెల్లి అయినవాళ్లకు ధైర్యం ఎవరు చెప్పాలి?

"మా తమ్ముడు దుబాయ్‌లో కంపెనీ వదిలేసి ఖల్లివెల్లి అయ్యాడు. నిద్రపోవడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు. వీసా లేని మనిషిని డాక్టర్‌కు ఎలా చూపించాలి?" అని ఒక అన్న అడిగారు.

అన్నా, నేనూ అక్కడ ఖల్లివెల్లిగా, అంటే కంపెనీ వదిలేసి వీసా లేకుండా, బతికినవాణ్నే. 2018లో అక్కడి ప్రభుత్వం వీసా లేనివాళ్లకు ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ఇచ్చినప్పుడు ఔట్‌పాస్ (పాస్‌పోర్ట్ లేనివాళ్లు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం) మీద జగిత్యాలకు వచ్చేశాను. డాక్టర్ సంగతి తర్వాత, ముందు నిద్ర ఎందుకు పట్టడం లేదో చూడండి. చెకింగ్ వస్తుందని మేం బూట్లు పరుపు పక్కనే పెట్టుకుని పడుకునేవాళ్లం. లిఫ్ట్ చప్పుడైతే చాలు, రూమంతా లేచి కూర్చునేది. దానికి తోడు లెక్కలు. వీసా గడువు దాటితే ఇప్పుడు రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా, పని దొరికినా దొరక్కపోయినా. ఇక్కడ ఏజెంటు కోసం తెచ్చిన అప్పుకు మిత్తి వేరే. 2024లోనూ ఆమ్నెస్టీ ఇచ్చారు కదా, మళ్లీ ఇస్తారులే అని కూర్చుంటే ఆ ఎదురుచూపే మనిషిని తినేస్తుంది.

ఆస్పత్రికి పోతే కౌంటర్‌లో ఐడీ అడుగుతారు. అందుకే మావాళ్లు జ్వరమొచ్చినా గోలీలతో సరిపెట్టుకునేవాళ్లు. ఇక మనసు బాగాలేదని ఎవడు పోతాడు? పిచ్చోడని పేరు పడుతుందన్న భయం ఒకటి.

నాకు పనికొచ్చింది మా మండలం ఆయన ఒకరి ఫోన్. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది, కంపెనీ కేసు పెట్టిందా అని అడుగుతూనే, తిన్నావా, రాత్రి పడుకున్నావా అని మధ్యలో అడిగేవాడు. కౌన్సెలింగ్ అని ఉంటే నేను కట్ చేసేవాణ్నే. ఇలాంటివాళ్లకు కాస్త శిక్షణ ఇప్పిస్తే క్లినిక్కుల కంటే ఎక్కువ మందికి సాయం అందుతుంది.

భారత కాన్సులేట్‌కు దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. నంబర్ 800 46342, అక్కడి నుంచి ఉచితం. కాగితాల సలహాతో పాటు మానసిక కౌన్సెలింగ్ కూడా ఇస్తారు. ఫోన్‌లో మాట్లాడటానికి వీసా చూపించక్కర్లేదని తమ్ముడికి చెప్పండి. ఔట్‌పాస్ ఇచ్చేది కూడా కాన్సులేటే.

అమ్మ ఏడుస్తూ ఉంటే మీరు ఇక్కడ టెలీ మానస్ (మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్) 14416కు చేయండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. తమ్ముడితో ఎలా మాట్లాడాలో కూడా అడగండి. డబ్బుల మాట కొన్నాళ్లు ఎత్తకండి. చచ్చిపోతానన్నాడంటే మాత్రం వెంటనే రూమ్‌వాళ్లకు చెప్పి, ఒక్కణ్ని వదలొద్దనండి.

పాస్‌పోర్ట్ కాపీ ఇంట్లో ఉంటే ఈ రోజే ఫొటో తీసి పంపండి. అసలుది కంపెనీ దగ్గరే ఉండిపోతే ఔట్‌పాస్‌కు ఆ కాపీ బాగా పనికొస్తుంది.