పరానా పైన్, హౌలర్ కోతి: పోల్చదగ్గ సంగతులేంటి?

బ్రెజిల్‌లోని పరానా పైన్ చెట్టునీ, గోధుమరంగు హౌలర్ కోతినీ పోల్చమని అడిగారు. ముందు ఒక మాట: మన నెల్లూరు, ప్రకాశం తీరంలో పెంచే సరుగుడు పైన్ జాతి కాదు. సూదుల్లాంటి రెమ్మలు చూసి పొరబడతాం కానీ, అది పూలు పూసే చెట్టే. పరానా పైన్‌కి పూలుండవు, గింజలు శంకువుల్లో తయారవుతాయి. మన తాటిచెట్టులాగే ఆడ, మగ వేరువేరు. ఎత్తు 40 మీటర్ల దాకా పెరుగుతుంది.

హౌలర్‌ని నల్లమల కొండముచ్చుతో పోలిస్తే బాగా అర్థమవుతుంది. రెండూ ఆకులు బాగా తింటాయి. కొండముచ్చుకి ఆకుని పులియబెట్టే గదుల పొట్ట ఉంది. హౌలర్‌కి అది లేదు, ఆ పని పెద్దపేగు వైపు జరుగుతుంది. ఆకులో శక్తి తక్కువ కాబట్టి పగలు ఎక్కువసేపు కదలకుండా పడుకుంటుంది. గొంతులోని ఎముక పెద్దగా, బోలుగా ఉండటంతో అరుపు మాత్రం కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది.

దక్షిణ బ్రెజిల్ అడవుల్లో రెండూ కలిసే బతుకుతాయి. చెట్టుని కలప కోసం విపరీతంగా నరికేశారు, ఇప్పుడది అంతరించే ప్రమాదం అంచున ఉంది. కోతులేమో ఎల్లో ఫీవర్‌కి త్వరగా చనిపోతాయి. జ్వరం అంటించేది దోమ అని తెలియక జనం కోతుల్ని చంపిన సందర్భాలున్నాయి, అది చాలా బాధాకరం. నిజానికి అడవిలో కోతులు చనిపోవడమే మనుషులకి ముందుగా అందే హెచ్చరిక.