పాప కోసం పంపే డబ్బుకు లెక్క అడగవచ్చా?

ప్రశ్న: మాకు విడాకులై రెండేళ్లయింది. 9 ఏళ్ల పాప తల్లి దగ్గర పెరుగుతోంది. నెలలో రెండు వారాంతాలు నా దగ్గర ఉంటుంది. కోర్టు నిర్ణయించిన భరణం ఇంతవరకు ఒక్క నెల కూడా ఆపలేదు. ఈ మధ్య పాప బిగుతైపోయిన బూట్లతో వచ్చింది. అదే నెలలో వాళ్లమ్మ కొత్త ఫోను కొనుక్కుంది. నేను పంపే డబ్బు దేనికి ఖర్చవుతోందో రసీదులు చూపించమంటే, ‘నీకు చెప్పాల్సిన అవసరం లేదు’ అంది. లెక్క చెప్పేవరకు ఈ నెల డబ్బు పంపకూడదని అనుకుంటున్నాను. నా కష్టార్జితానికి లెక్క అడగడం తప్పా?

జవాబు: తప్పు కాదు. జీతంలో పెద్ద భాగం తీసి, మీరు అడుగుపెట్టలేని ఇంటికి నెలనెలా పంపుతున్నారు. అక్కడ ఏం జరుగుతోందో తెలుసుకోవాలని మీకు అనిపించడం సహజం. అయితే ఈ నెల డబ్బు మాత్రం ఆపకండి. ఇంటి అద్దె, బడి ఫీజు మీ ఇద్దరి తగాదా తేలేవరకు ఆగవు. పైగా కోర్టు దృష్టిలో ఆమె లెక్క చెప్పకపోవడం, మీరు డబ్బు కట్టకపోవడం ఒకదానికొకటి చెల్లు కావు. మీది ఆదేశ ఉల్లంఘన అవుతుంది, బకాయి మీ పేరున పెరుగుతుంది. అమెరికాలోనైతే 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం పేరుకున్న బకాయిని తర్వాత న్యాయమూర్తి కూడా వెనక్కి వెళ్లి తగ్గించలేరు. ఒకసారి బకాయిదారు అయ్యాక మీరు ఎంత న్యాయమైన ప్రశ్న అడిగినా, ఎదుటివారు ముందు ఆ బకాయి సంగతే ఎత్తుతారు.

ఇక రసీదుల విషయం. ఆమె రేపే ఒక కవరు నిండా రసీదులు పంపిందనుకోండి. వాటిలో మీకు ఏం కనబడుతుంది? నోటు పుస్తకాలు, బట్టలు, మందులు. పాపకు అయ్యే పెద్ద ఖర్చులు వేటి మీదా పాప పేరు ఉండదు. పాప ఉంది కాబట్టి ఇంకో గది ఉన్న ఇల్లు, బడికి దగ్గరగా ఉండటానికి కట్టే ఎక్కువ అద్దె, కరెంటు బిల్లు, జ్వరం వచ్చిన రోజు తల్లి సెలవు పెట్టి పోగొట్టుకున్న జీతం: వీటికి రసీదు ఎవరు ఇస్తారు? ఆమె జీతం, మీరు పంపేది ఒకే ఇంటికి చేరతాయి. రెండు చెంబుల నీళ్లు ఒకే కుండలో పోశాక, ఈ గుక్క ఏ చెంబుదని చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ ఫోను ఆమె తన జీతంతో కొనుక్కుని ఉండవచ్చు. మీ డబ్బు రాకముందే అద్దె కట్టేసి ఉంటే, మీరు పంపినది ఆ లోటును పూడ్చి ఉండవచ్చు. ఏదీ కచ్చితంగా తేలదు. తేలని దాని కోసం మీరిద్దరూ ఇంకో తొమ్మిదేళ్లు కొట్టుకోవడం నాకు బాధగా ఉంది.

ఇంకో మాట కూడా ఆలోచించండి. మీరు డబ్బు రూపంలో ఇస్తున్నదాన్ని ఆమె రోజూ చాకిరీ రూపంలో ఇస్తోంది. జర్మనీ పౌర చట్టంలోని 1606వ సెక్షన్ ఈ సంగతి సూటిగా చెబుతుంది: పిల్లలను దగ్గర ఉంచుకుని సాకే తల్లి లేదా తండ్రి, ఆ పెంపకంతోనే పోషణలో తన వంతు బాధ్యత తీర్చుకుంటున్నట్టు సాధారణంగా లెక్క. ఆమె వంతుకు మీరు ఎలాగూ రసీదు అడగరు కదా.

చట్టం కూడా చాలాచోట్ల లెక్కలను ముందే చూస్తుంది, తర్వాత కాదు. భారత సుప్రీంకోర్టు 2020లో రజనీష్, నేహా కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం భరణం కేసులో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చుల వివరాలను ప్రమాణపత్రంతో ముందే సమర్పించాలి. మొత్తం ఖరారయ్యాక నెలనెలా ఖర్చు చీటీలు అడిగే పద్ధతి మామూలుగా ఉండదు. మినహాయింపులు లేకపోలేదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో అవసరం ఉందని చూపించగలిగితే, ఇకముందు చేసే ఖర్చుకు లెక్క చెప్పమని కోర్టు ఆదేశించవచ్చు. బ్రెజిల్ 2014లో తన పౌర స్మృతిని సవరించి, పిల్లల ఆరోగ్యాన్ని, చదువును ప్రభావితం చేసే విషయాల్లో సమాచారమూ లెక్కలూ అడిగే వీలు తల్లిదండ్రులకు కల్పించింది. ఇండియానాలో అలా అడగడానికి కారణం చూపాలి. డబ్బు ఇచ్చినవారి అనుమానం ఒక్కటే అందుకు చాలదు.

కాబట్టి మీరు ఫోను సంగతి పక్కన పెట్టి పాపనే చూడండి. బడి ఫీజు బాకీ పడిందా? వాడాల్సిన మందులు ఆగిపోయాయా? ఆకలితో వస్తోందా? బడికి తరచూ వెళ్లడం లేదా? ఇంట్లో తాగుడు, జూదం వంటివి ఉన్నాయా? వీటిలో ఒక్కటి నిజమైనా నేను మిమ్మల్ని ఓపిక పట్టమనను. బడి నుంచి వచ్చిన నోటీసులు, డాక్టరు రాసిన కాగితాలు, తేదీలు భద్రం చేసుకుని న్యాయవాదిని కలవండి. అక్కడ కూడా రసీదులు కావాలని పట్టుబట్టడం కంటే, ఫీజు నేరుగా బడికే కట్టేలా ఆదేశం మార్చమని కోరడం పాపకు ఎక్కువ ఉపయోగం. ఆదేశం మారకముందే మీ అంతట మీరు ఫీజు కట్టి భరణం తగ్గించుకోకండి. అలా కట్టినదాన్ని చాలాచోట్ల భరణం కింద జమ చేయరు.

మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు. బిగుతైన బూట్లు ఒక్కటే ఉన్నాయి. ఆ వయసు పిల్లల పాదాలు చూస్తుండగానే పెరుగుతాయి. తల్లి గమనించకపోయి ఉండవచ్చు, పాపే పాతవి వదలనని ఉండవచ్చు. ‘నేను ఇప్పటికే డబ్బు ఇచ్చాను, మళ్లీ నేనే కొనాలా?’ అని మీకు అనిపిస్తుందని తెలుసు. కొనడం వల్ల ఆమె వాదన గెలిచినట్టు కాదు. మీ కూతురికి బూట్లు కావాలి, మీరు తండ్రి, అంతే.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వేరే విషయం. ఆ ఫోను గురించి మీకు ఎలా తెలిసింది? పాపనే అడిగారా? అడిగి ఉంటే దయచేసి ఇక మానేయండి. ‘అమ్మ ఏం కొంది, ఎక్కడికి వెళ్లారు’ అనే ప్రశ్నల వెనక ఏముందో 9 ఏళ్ల పిల్లకు బాగా అర్థమవుతుంది. తన నోటి నుంచి వచ్చిన ఒక్క మాటతో అమ్మానాన్నలు గొడవ పడ్డారని ఒకసారి తెలిస్తే, తర్వాత ఏదీ చెప్పదు. కాలు నొప్పిగా ఉన్నా బాగానే ఉందంటుంది. బడిలో యాత్రకు డబ్బు కట్టాలంటే నాకు ఇష్టం లేదంటుంది. తన ఖర్చే ఈ ఇంటి గొడవలకు మూలమని నమ్మి, అవసరాలు దాచుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. మీ పాప ఆ దారి పట్టకూడదు.

మీ మాజీ భార్య అంత కఠినంగా ఎందుకు జవాబిచ్చిందో కూడా ఆలోచించండి. కలిసి ఉన్న రోజుల్లో ఇంటి ఖర్చుల లెక్క ఎవరు ఎవరిని అడిగేవారు? అడిగింది మీరే అయితే, మీ ప్రశ్న ఆమెకు పాప గురించి అడిగినట్టు వినిపించి ఉండదు. పాత కాపలా మళ్లీ మొదలైందని అనిపించి ఉంటుంది. అలాగని ఆమె జవాబును పూర్తిగా సమర్థించను. ఆమె నన్ను సలహా అడిగి ఉంటే, పాప ఫీజు కట్టేశానని, కళ్లజోడు మార్చాలన్నారని అప్పుడప్పుడూ మీకు రెండు ముక్కలు రాయమని చెప్పేదాన్ని. చట్టం అడగకపోయినా అలా చెప్పడం వల్ల దూరంగా ఉన్న తండ్రి మనసు కుదుటపడుతుంది.

ముందు మీరే ఆమెకు ఇలా రాసి చూడండి: ‘ఈ నెల డబ్బు పంపాను. పాప బూట్లు బిగుతయ్యాయి, వచ్చే వారాంతం నేను కొననా, లేక నువ్వు ఇప్పటికే చూశావా? రాబోయే ఆరు నెలల్లో ఫీజు, కళ్లజోడు వంటి పెద్ద ఖర్చులేమైనా ఉంటే ముందుగా చెప్పు, నేనూ సిద్ధంగా ఉంటాను.’ రసీదు అనే మాట, ఫోను ఊసు అందులో రానివ్వకండి. మామూలు ఖర్చులకు భరణం, అరుదుగా వచ్చే పెద్ద ఖర్చులకు ముందే మాట్లాడుకుని బిల్లు పంచుకోవడం అనే ఏర్పాటుకు ఆమె ఒప్పుకుంటే, దాన్ని రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ బిల్లులు మీకు అడగకుండానే వస్తాయి.

మొదటి సందేశానికి జవాబు రాకపోవచ్చు. ఒక వారం ఆగి, కోపం లేకుండా మళ్లీ రాయండి. అప్పటికీ పలకకపోతే ఇద్దరికీ నమ్మకమున్న పెద్దమనిషినో, కుటుంబ న్యాయస్థానంలోని కౌన్సెలర్‌నో మధ్య కూర్చోబెట్టి, పాప అవసరాల జాబితా ఒక్కదాని మీదే మాట్లాడండి.