థర్మాకోల్ అని పేరు పెట్టుకున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. గోడ మీద టైంటేబుల్ పక్కన పళ్ళకి క్లిప్పు ఉన్న ఒకావిడ ఫొటో అంటించింది. ఎక్స్-రే స్పెక్స్ అనే ఇంగ్లండ్ బ్యాండులో పాడేదట. పాటల్లో అరుపులే ఎక్కువ. ఒకదాని పేరు 'ఓ బాండేజ్ అప్ యువర్స్'. పేరు చూస్తేనే టెన్షన్‌గా ఉంది. ఒక్క ఆల్బమ్‌తో మూతపడ్డ బ్యాండులో అంత ఏముందండీ?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ముందు ఆ పేరు సంగతి తేల్చేద్దాం తల్లీ, మీ బీపీ తగ్గాలి కదా. బాండేజ్ అంటే కట్లు, బానిసత్వం. అప్ యువర్స్‌ని మర్యాదగా చెప్పాలంటే 'పోవోయ్ పో'. అప్పట్లో పంక్ అనే తిరుగుబాటు సంగీతం పిచ్చి ఉన్న లండన్ కుర్రాళ్ళు బెల్టులూ పట్టీలూ వేలాడే ప్యాంట్లు వేసుకునేవారు, వాటికీ ఆ పేరే. పాట మొదట్లో ఆ ఫొటోలో అమ్మాయి ముద్దుముద్దుగా ఒక మాటంటుంది: ఆడపిల్లలు కంటికి కనపడితే చాలు, నోరు వినపడకూడదని కొందరు అనుకుంటారని. ఆ వెంటనే పెద్ద కేక. మీకు పక్క గదిలోకి వినపడుతున్నది అదే. ఆ మాట మా అమ్మమ్మ కూడా అనేది, కేక లేకుండా.

నాకు ఈ బ్యాండు పరిచయమైంది గుడి దగ్గర. నవ్వకండి. మా అబ్బాయి వాళ్ళు లండన్‌లో ఉంటారు. ఒక కృష్ణాష్టమికి వాట్‌ఫర్డ్ దగ్గరున్న భక్తివేదాంత మేనర్‌కి తీసుకెళ్ళారు. బీటిల్స్ జార్జ్ హారిసన్ 1973లో హరేకృష్ణ వాళ్ళకి ఇచ్చిన బంగళా అది. ప్రసాదం తింటుంటే మా కోడలు, "మామయ్యగారూ, ఒకప్పుడు ఇక్కడ ఒక పంక్ సింగర్ ఉండేదట" అంది. తిరుగు ప్రయాణంలో కార్లో పాట పెట్టింది. నోట్లో హల్వా రుచి ఇంకా పోలేదు, ఆ కేక వినపడింది. ఇంటికెళ్ళేదాకా మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు అంటూనే ఉన్నాను.

ఆమె అసలు పేరు మేరియన్ ఇలియట్-సయీద్. పుట్టింది 1957 జూలై 3న. నాన్న సోమాలియా ఆయన, అమ్మ బ్రిటిష్ ఆవిడ, పెరిగింది లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో. 1976లో సరిగ్గా తన పంతొమ్మిదో పుట్టినరోజు నాడు హేస్టింగ్స్ ఊళ్ళో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు కచేరీ చూసింది. వీళ్ళు చేస్తే లేనిది నేనెందుకు చేయకూడదనుకుని, సంగీత పత్రికల్లో ప్రకటన ఇచ్చి మనుషుల్ని పోగేసింది. స్టేజీ పేరు కోసం ఎల్లో పేజెస్ అనే వ్యాపారాల ఫోన్ డైరెక్టరీ తిరగేస్తుంటే 'పాలీ స్టైరీన్' తగిలింది. అంటే 2022లో నిషేధించేదాకా మనం గణపతి మండపాలకి వాడిన థర్మాకోల్ సరుకు! తేలిక, చవక, వాడి పారేసేది. పాప్ స్టార్ అంటే అంతేగా అని ఆమె వెటకారం. బ్యాండు పేరు కూడా అలాంటిదే. కామిక్ పుస్తకాల వెనక పేజీల్లో గోడ అవతలివి కూడా కనిపిస్తాయంటూ అమ్మే ఉత్తుత్తి కళ్ళజోడు అది.

పంక్ అంటే గిటారు, డ్రమ్ములు, గోల. వీళ్ళ దగ్గర సాక్సఫోన్ కూడా ఉండేది. వాయించింది లోరా లాజిక్ అనే పదహారేళ్ళ పిల్ల. పెళ్ళిలో తాళి కట్టే క్షణంలో గట్టిమేళం మోగుతుంది చూడండి, సన్నాయి ఆయన రాగం సంగతి దేవుడికి వదిలేసి ఊపిరంతా ఊదేస్తాడు. పాట మొత్తం అలాగే ఉంటుంది. 1977లో ఆ పాట సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వచ్చింది. పేరొచ్చింది గానీ అమ్మకాల చార్టుల్లోకి ఎక్కలేదు. తర్వాత లోరాని తప్పించి రూడీ థామ్సన్‌ని తెచ్చారు. నాకు మాత్రం లోరా వాయింపే ఇష్టం.

1978 వాళ్ళ ఏడాది. ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో జాత్యహంకారానికి వ్యతిరేకంగా పెద్ద సభ జరిగింది, క్లాష్ అనే పంక్ బ్యాండు కూడా పాడిన సభ. పాలీ గుండు చేసుకుని తలకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. నన్ను గ్లామర్ బొమ్మని చేయాలని చూస్తే గుండు కొట్టించుకుంటానని ముందే చెప్పిందిలెండి. ఆ ఏడాదే మూడు సింగిల్స్ చార్టుల్లోకి వెళ్ళాయి, ఒకటి 19వ స్థానం దాకా. నవంబరులో 'జర్మ్‌ఫ్రీ అడాలెసెంట్స్' ఆల్బమ్ వచ్చింది. అందులో ఒక పాటలో ఆమె పాలీప్రాపిలీన్ (అదో రకం ప్లాస్టిక్) కారు నడుపుకుంటూ వెళ్ళి రబ్బరు బన్ను తింటుంది. మైక్రోప్లాస్టిక్ అనే మాట మనం విననప్పటి సంగతి ఇది.

ఇక మూతపడటం గురించి. మీరు రాసిన తీరు చూస్తే ఏదో వ్యాపారం నష్టపోయినట్టుంది. అలా కాదమ్మా. డాంకాస్టర్‌లో కచేరీ అయ్యాక ఆమెకి ఆకాశంలో గులాబీ రంగు వెలుగు కనిపించింది. ముట్టుకున్న వస్తువులు చిటపటలాడినట్టు అనిపించింది. డాక్టర్లు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు అన్నారు, ఆస్పత్రిలో పెట్టారు. అది బైపోలార్ (ఉత్సాహం, దిగులు మార్చి మార్చి ముంచెత్తే జబ్బు) అని తేలింది 1991లో! ఆ మధ్య ఏళ్ళు తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. 1979 మధ్యలో, రికార్డులు అమ్ముడుపోతుండగానే, ఆమె బ్యాండు వదిలేసింది. అప్పటికి ఇరవై రెండేళ్ళు. తర్వాత కృష్ణభక్తిలో పడింది. చిత్రం, బ్యాండులోంచి పంపించేసిన లోరా కూడా అక్కడికే చేరింది.

మీ లెక్క ఒక్కచోట సరిచేయాలి. 1995లో రెండో ఆల్బమ్ కూడా వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజుల్లోనే పాపం ఆమెను ఒక ఫైరింజన్ ఢీకొట్టింది. 2011 ఏప్రిల్ 25న రొమ్ము క్యాన్సర్‌తో పోయింది, 53 ఏళ్ళకి. నెల ముందే కొత్త సోలో ఆల్బమ్ విడుదలైంది.

మీరు వినాలనుకుంటే కేకల పాటతో మొదలుపెట్టకండి. ఆల్బమ్ పేరున్న పాటే పెట్టమనండి, అది నెమ్మదిగా సాగుతుంది. రోజుకి పదిసార్లు పళ్ళు తోముకునే, క్రిములంటే హడలిపోయే అమ్మాయి కథ. శానిటైజర్ రోజులు చూసినవాళ్ళం, మనకి విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్నట్టు ఫొటోలో ఆ క్లిప్పు ఫ్యాషన్ కాదు, పళ్ళ డాక్టరు వేసిందే. దాన్ని దాచుకోకుండా నోరంతా తెరిచి పాడేది. మీ అమ్మాయికీ క్లిప్పు ఉందా? ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు మీరు.